‘తాత్కాలిక’మన్న ఒక్క మాట

1948వ సంవత్సరం జూను 3వ తేదీన, అమెరికాలోని బోస్టను నగరం నుండి వెలువడే న్యూ ఇంగ్లండ్ వైద్యపత్రికలో ఒక వ్యాసం అచ్చయినది. వ్రాసినవారు డాక్టర్ సిడ్నీ ఫార్బర్, ఆయన సహచరులు నలుగురు. శీర్షిక చాల పొడవైనది. దాని తాత్పర్యం ఇది: ఫోలిక్ ఆమ్లానికి విరోధియైన అమినోప్టెరిన్ అనే ద్రవ్యం వలన, తీవ్రమైన ల్యూకీమియా సోకిన పిల్లలలో కలిగిన తాత్కాలికోపశమనాలు. వైద్యులకు ఇందులో మందు పేరు ముఖ్యం కావచ్చు. భాషను పరికించే కన్నుకు మాత్రం ‘తాత్కాలిక’ అన్న విశేషణమే ముందు కనిపిస్తుంది.

ఆ మాటను వారు వినయానికి వాడలేదు. పదహారుమంది పిల్లలకు మందు ఇవ్వగా పదిమందికి గుణం కనిపించినది. మన పల్లెలలో ‘కడుపులో బల్ల’ అని చెప్పే ప్లీహపు వాపు తగ్గినది. జ్వరం విడిచినది, ఆకలి పుట్టినది. అంతకుముందు ఈ వ్యాధికి చికిత్స అన్నదే లేదు. వ్యాధి ఇదీ అని తేలిన తరువాత పిల్లలు బ్రతికేది వారాలో, కొద్ది నెలలో. అటువంటి స్థితిలో, ఇక లేవరనుకున్న పసివారు మంచం దిగి నడిస్తే దానిని అద్భుతమనటానికి ఎవరికైనా నోరు ఊరక ఉండదు. కాని కొన్ని నెలలకు వ్యాధి మళ్లీ తల ఎత్తినది. ఆ సంగతిని ఫార్బర్ వ్యాసం అడుగున చిన్న అక్షరాలలో దాచలేదు, శీర్షికలోనే పెట్టినాడు. ఆ ఒక్క విశేషణాన్ని కొట్టివేయటానికి వైద్యలోకానికి ఇరవై సంవత్సరాలకు పైగా పట్టినది. ఆ ప్రయత్నానికి మొదలులో ఒక తెలుగువాని చేయి ఉన్నది.

ల్యూకీమియా అన్న పేరు గ్రీకు భాషది. ‘ల్యూకోస్’ అంటే తెలుపు, ‘హైమా’ అంటే రక్తం. 1845లో ఎడింబరోలో బెన్నెట్ అనే వైద్యుడు, బెర్లినులో రుడాల్ఫ్ ఫిర్కో అనే యువవైద్యుడు, ఒకరితో ఒకరికి సంబంధం లేకుండా ఈ వ్యాధిని వర్ణించినారు. రక్తంలో అంత తెలుపును చూచి బెన్నెట్ అది చీము అనుకొన్నాడు. ఫిర్కో వయస్సు అప్పటికి ఇరవై నాలుగే. కారణం తెలియనప్పుడు ఊహించరాదని, కంటికి కనిపించినదానినే పేరుగా పెట్టి ‘తెల్లరక్తం’ అన్నాడు. రెండేళ్ల తరువాత ఆ మాటనే గ్రీకులోనికి మార్చినాడు. తెలియనిదానిని తెలిసినట్లు చెప్పని ఆ పేరు నేటికీ నిలిచి ఉన్నది.

ఎముకల లోపలి మూలుగ రక్తానికి పుట్టినిల్లు. ప్రాణవాయువును మోసే ఎర్రకణాలు, రోగక్రిములను ఎదిరించే తెల్లకణాలు, గాయమైనచోట రక్తాన్ని గడ్డకట్టించే ప్లేట్‌లెట్లు అన్నీ అక్కడనే పుడతాయి. ఈ వ్యాధిలో ఎదగని తెల్లకణాలు, ఏ పనికీ రానివి, అదుపు లేకుండ పెరుగుతాయి. నారుమడిలో తుంగ అల్లుకొన్నట్లు మూలుగనంతా ఆక్రమిస్తాయి. తక్కినవాటికి చోటు దక్కదు. ఎర్రకణాలు తగ్గి బిడ్డ పాలిపోతాడు. మంచి తెల్లకణాలు లేక జ్వరాలు విడువవు. ప్లేట్‌లెట్లు లేక చిగుళ్ల వెంట, ముక్కు వెంట రక్తం కారుతుంది. దెబ్బ తగలకుండానే ఒంటిమీద కమిలిన మచ్చలు లేస్తాయి. హీమోఫీలియా అనే వ్యాధిలోను రక్తస్రావం ఆగదు గాని, అది వేరు. అది తల్లి ద్వారా కొడుకులకు సంక్రమించే జన్మలోపం. రక్తరసంలో ఉండవలసిన ఒక ద్రవ్యం కొరవడటం దానికి కారణం. దానికి 1964లో కాలిఫోర్నియాలో జూడిత్ పూల్ అనే విదుషి, గడ్డకట్టించిన రక్తరసాన్ని మెల్లగా కరిగిస్తే అడుగున మిగిలే మడ్డిలో ఆ ద్రవ్యం సమృద్ధిగా ఉంటుందని కనిపెట్టి మార్గం చూపినది. ల్యూకీమియాలో లోపం రసానిది కాదు, కణాలు పుట్టే చోటిదే.

ఇక ఫోలిక్ ఆమ్లం. దీని కథ మన దేశంలోనే మొదలైనది. 1928లో లూసీ విల్స్ అనే ఆంగ్ల వైద్యురాలు బొంబాయికి వచ్చి, గర్భిణులైన పేద స్త్రీలకు, ముఖ్యంగా బట్టల మిల్లులలో పనిచేసేవారికి, కలిగే ఒక విధమైన రక్తహీనతను పరిశీలించినది. ఈస్టు నుండి తీసిన మార్మైటు అనే చవుక పదార్థం తినిపిస్తే ఆ రక్తహీనత కుదురుతున్నదని 1931లో ప్రకటించినది. అందులోని గుణకారి ఏమిటో అప్పటికి తెలియదు. పది సంవత్సరాల తరువాత అమెరికాలోని టెక్సాసులో శాస్త్రజ్ఞులు టన్నులకొద్దీ పాలకూర ఆకును నలిపి, వడకట్టి, అదే జాతి ద్రవ్యాన్ని కొంచెంగా సాధించినారు. లాటినులో ‘ఫోలియం’ అంటే ఆకు. ఆకునుండి వచ్చినది గనుక ఫోలిక్ ఆమ్లమైనది. టన్నుల ఆకు నలిపితే గాని చిటికెడు రాని ద్రవ్యాన్ని రోగులకు పంచిపెట్టటం ఎట్లా? ప్రయోగశాలలో కృత్రిమంగా తయారుచేయవలసినదే. ఆ పనిని 1945లో సాధించినది న్యూయార్కు రాష్ట్రంలోని లెడర్లీ పరిశోధనశాల. దానికి పరిశోధనాధ్యక్షుడు డాక్టర్ యెల్లాప్రగడ సుబ్బారావు.

1895 జనవరి 12వ తేదీన భీమవరంలో పుట్టిన సుబ్బారావుగారు చదువులో మొదట వెలిగినవారు కారు. మెట్రిక్యులేషను మూడవమారు గాని గట్టెక్కలేదు. ఈ సంగతి ఆయన జీవితాన్ని పాఠంగా చెప్పేవారు తరచు దాటవేస్తారు. పరీక్ష తప్పిన పిల్లవాడు వినవలసినది అదే. మదరాసు వైద్య కళాశాలలో చదివేటప్పుడు గాంధీగారి పిలుపు విని ఖద్దరు కట్టినందుకు శస్త్రవైద్యాచార్యునికి కంటగింపై, పూర్తి పట్టం బదులు తక్కువ స్థాయి యోగ్యతాపత్రంతో సరిపెట్టుకోవలసి వచ్చినది. సోదరులిద్దరు కొద్దిరోజుల వ్యవధిలో గ్రహణి వ్యాధికి బలియైనారు. అదే వ్యాధి తనకూ రాగా ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేదం ఆయనను బ్రతికించినది. తరువాత బోస్టను చేరి హార్వర్డు విశ్వవిద్యాలయంలో సైరస్ ఫిస్కే వద్ద పనిచేసినారు. రక్తంలోని భాస్వరాన్ని కొలిచే పద్ధతిని 1925లో వారిద్దరు ప్రకటించినారు. ఇరువురి పేర అది ప్రసిద్ధమైనది. 1940లో లెడర్లీకి వెళ్లినారు. సోదరులను తీసుకొనిపోయిన గ్రహణికి ఫోలిక్ ఆమ్లం మందుగా పనిచేస్తుందని 1940ల నడుమ తేలినప్పుడు ఆయన మనస్సులో ఏమి మెదలినదో వ్రాసి ఉంచలేదు.

ఇప్పుడు మళ్లీ ఫార్బర్ వద్దకు పోవలెను. ఆయన బోస్టను బాలల ఆస్పత్రిలో రోగనిదాన శాస్త్రజ్ఞుడు. అంటే ఎక్కువకాలం సూక్ష్మదర్శిని ముందు, మరణించిన పిల్లల శరీరభాగాల నడుమ గడిపినవాడు. ప్రతి బిడ్డ విషయంలోను తనవద్దకు చేరేసరికి చేయగలిగినది ఏమీ మిగలకపోవటం ఆయనను కలతపెట్టినది. ఫోలిక్ ఆమ్లం రక్తహీనుల మూలుగను బాగుచేస్తున్నది గదా, ల్యూకీమియాలో చెడిన మూలుగను కూడా చక్కబరచవచ్చునేమో అన్న ఆలోచన వచ్చినది. తర్కానికి నిలిచే ఆలోచనే. లెడర్లీవారు పంపిన ఫోలిక్ ఆమ్ల సంబంధమైన ద్రవ్యాలను వ్యాధిగ్రస్తులైన పిల్లలకు ఇచ్చినాడు.

ఫలితం తారుమారైనది. వ్యాధి తగ్గకపోగా వేగం హెచ్చినది. మూలుగను పరీక్షిస్తే చెడుకణాలు మునుపటికంటె జోరుగా పెరుగుతున్నవి. ఇది చిన్న పొరపాటు కాదు. ఆ పిల్లలకు మిగిలిన కొద్దిపాటి ఆయుస్సు దీనివలన ఇంకా తరిగి ఉండవచ్చు. ఆస్పత్రిలోని తోడి వైద్యులలో పలువురు, చావనున్న పిల్లలను ప్రయోగాలతో బాధించవద్దు, ప్రశాంతంగా పోనివ్వండి అన్నారు. వారి మాటలో దయ లేదనటం అన్యాయం. ఆనాటి అనుభవాన్నిబట్టి అదే సరియైన మాట. ఫార్బర్‌కు ఉన్న సమర్థన ఒక్కటే: అపజయాన్ని ఆయన అపజయంగా వదలివేయక చదువుకొన్నాడు. తినిపిస్తే పెరిగే కణం, తిండి మాన్పిస్తే మాడవలెను గదా!

కాని ఫోలిక్ ఆమ్లాన్ని శరీరానికి అందకుండ చేయటం ఎట్లా? అది ఆకుకూరల నిండ ఉన్నది. సుబ్బారావుగారి పరిశోధనశాలలో అందుకు తగిన సాధనం సిద్ధమవుతున్నది. ఫోలిక్ ఆమ్లం నిర్మాణమంతా తెలిసినందున, దానిని అచ్చుగుద్దినట్లు పోలి ఒక మూలనుమాత్రం భేదించే ద్రవ్యాలను అక్కడివారు తయారుచేయ సాగినారు. 1947లో సీగర్, స్మిత్, హల్ట్‌క్విస్ట్ మొదలైనవారు అమినోప్టెరిన్‌ను సాధించినారు. ఫోలిక్ ఆమ్లానికి దీనికి ఉన్న భేదం, ఒకచోట ఆమ్లజని ఉండవలసిన స్థానంలో నత్రజని కలిగిన చిన్న శకలం చేరటమే. కణం రెండుగా చీలి పెరగవలెనంటే ముందు తన వారసత్వద్రవ్యానికి మరొక ప్రతి వ్రాసుకోవలెను. అందుకు ఫోలిక్ ఆమ్లం కావలెను. దానిని పనికి సిద్ధపరచే ఎంజైము ఒకటి కణంలో ఉన్నది. అమినోప్టెరిన్ పోయి ఆ ఎంజైముకు పట్టుకొంటుంది. తాళంకప్పలో సరిపోయినట్లే దూరి, తిరగక, బయటకూ రాక ఇరుక్కొన్న చెవి ఎట్లాంటిదో ఇది అట్లాంటిది. ఇక నిజమైన చెవికి చోటు లేదు. వేగంగా పెరిగే కణమే ముందు ఆకలికి లోనవుతుంది. అయితే ల్యూకీమియా కణమొక్కటే వేగంగా పెరిగేది కాదు. నోటిలోని, పేగులలోని మెత్తని పొర కూడా అటువంటిదే గనుక నోరు పూయటం వంటి బాధలు తప్పలేదు.

1947 డిసెంబరు 28వ తేదీన ఫార్బర్ ఈ మందును రెండేళ్ల బాలునికి మొదటిమారు సూదిద్వారా ఇచ్చినాడు. అంతకుముందు ఇచ్చిన విరోధిద్రవ్యం అంతగా పనిచేయలేదు. ఇది పనిచేసినది. తెల్లకణాల లెక్క దిగినది, బాలుడు లేచి తిరిగినాడు. మరునాటి సంవత్సరంలోనే వ్యాధి తిరగబెట్టి మరణించినాడు. జూనులో అచ్చయిన వ్యాసంలోని విశేషణం అటువంటి పిల్లలనుండి వచ్చినది. ఆ వ్యాసం వెలువడిన రెండు నెలలకు, 1948 ఆగస్టులో, సుబ్బారావుగారు నిద్రలోనే కన్నుమూసినారు. వయస్సు యాభై మూడు. అమినోప్టెరిన్‌కు తోబుట్టువై, దానికంటె నిలకడగా పనిచేసే మెతోట్రెక్సేట్ ఆయన పరిశోధనశాలనుండే వచ్చినది. అది ఎంతటిదైనదో చూడటానికి ఆయన లేరు.

తరువాతి పది పన్నెండేళ్లలో మందులు ఒకటొకటిగా చేరినవి. న్యూయార్కు సమీపంలో గెర్ట్రూడ్ ఎలియన్, జార్జ్ హిచింగ్స్ అనేవారు ఇదే ఉపాయాన్ని వారసత్వద్రవ్యంలోని మరొక భాగంమీద ప్రయోగించి మెర్‌కాప్టోప్యూరిన్ అనే మందును సృష్టించినారు. అది 1953లో వాడుకకు వచ్చినది. డాక్టరేటు పట్టం లేని ఎలియన్‌కు 1988లో నోబెల్ బహుమతిలో భాగం లభించినది. మరొక మందు మన పెరళ్లలోని బిళ్లగన్నేరునుండి వచ్చినది. నీరు పోసినా పోయకున్నా, గోడవారనో దిబ్బమీదనో ఏడాది పొడుగునా పూసే ఆ మొక్క మధుమేహానికి మంచిదన్న నాటుమాట విని, కెనడాలో నోబుల్, బీర్ అనే శాస్త్రజ్ఞులు దాని ఆకురసాన్ని ఎలుకలకు ఎక్కించి చూచినారు. మధుమేహంమీద దాని ప్రభావం కనిపించలేదు గాని, ఎలుకల తెల్లకణాలు నశించినవి. 1958లో వారు ప్రకటించిన ఈ సంగతి, వెదకినది దొరకక వేరొకటి దొరకటానికి మరొక ఉదాహరణ. అదే మొక్కనుండి లిల్లీ సంస్థవారు తీసిన విన్‌క్రిస్టిన్ 1963నుండి ల్యూకీమియా చికిత్సలో భాగమైనది. ఈ మాట విని బిళ్లగన్నేరాకు నూరి తాగించబోయేవారు ఎవరైనా ఉంటే వారిని ఆపవలెను. ఆ ఆకులోనివి తూకంలో ఇసుమంత తేడా వచ్చినా ప్రాణం తీసే విషాలు.

ఏ మందైనా ఒంటరిగా ఇస్తే మళ్లీ ‘తాత్కాలికమే’. మిగిలిన కొద్ది కణాలు మందుకు అలవాటుపడి తిరిగి లేస్తున్నవి. క్షయరోగానికి రెండుమూడు మందులు కలిపి ఇస్తే గాని లొంగదని అప్పటికే తెలుసు. వాషింగ్టను శివారున బెథెస్డాలోని జాతీయ క్యాన్సర్ సంస్థలో ఫ్రై, ఫ్రైరైక్ అనే వైద్యులు 1960ల ఆరంభంలో నాలుగు మందులను ఒక్కసారే ఇవ్వటానికి సాహసించినారు. అంతటి విషాన్ని బిడ్డ తట్టుకోవలెనంటే ముందు రక్తస్రావాన్ని ఆపగలగవలెను. అక్కడి వార్డులో పిల్లలు ఎక్కువగా రక్తం కారి చనిపోయేవారు. నిలవ ఉన్న రక్తంలో ప్లేట్‌లెట్లు పనిచేయవని, అప్పుడే తీసిన ప్లేట్‌లెట్లు ఎక్కిస్తే రక్తం ఆగుతుందని ఫ్రైరైక్ నిరూపించినాడు. కొత్త మందుల కథలలో ఈ సంగతి మరుగున పడుతుంది గాని, అది లేనిదే ఆ మందులకు పనిచేసే వ్యవధి దొరకదు.

నాలుగు మందులతో వ్యాధి రక్తంలో కనిపించకుండ పోయినది. పిల్లలు ఇండ్లకు వెళ్లినారు. కొన్ని నెలలకు తలనొప్పి, వాంతులతో కొందరు తిరిగి వచ్చినారు. మెదడుకు రక్తానికి నడుమ ప్రకృతి కట్టిన అడ్డుగోడ ఒకటి ఉన్నది. మందులు దానిని దాటలేకపోగా, అంతకుముందే దాటి దాగిన కణాలు అక్కడ సురక్షితంగా పెరిగినవి. 1962లో మెంఫిస్ నగరంలో తెరచిన సెయింట్ జూడ్ ఆస్పత్రికి తొలి అధ్యక్షుడైన డొనాల్డ్ పింకెల్ ఈ చిక్కును ఎదుర్కొన్నాడు. తెల్లవారిని నల్లవారిని వేరుచేసే ఆచారం ఇంకా మాయని ఆ ప్రాంతంలో, అన్ని జాతుల పిల్లలకు ఒకే వార్డు ఉండవలెననటం ఆ ఆస్పత్రి నియమం. మందులు మాత్రమే గాక, తలకు కిరణచికిత్స, వెన్నుపూసల నడుమనుండి మెదడు చుట్టునున్న ద్రవంలోనికి మెతోట్రెక్సేట్, ఆపైన రెండుమూడేళ్లపాటు ఎడతెగని చికిత్స ఆయన పథకం. మొదటి ప్రయత్నాలు తప్పినవి. 1967 చివర మొదలుపెట్టిన అయిదవదానిలో, చేరిన పిల్లలలో ఇంచుమించు సగంమంది మళ్లీ వ్యాధి మొహం చూడలేదు. 1972లో ఆయన బృందం అచ్చువేసిన వ్యాసం శీర్షికలో నయమయ్యే అవకాశాలు అన్న మాట కనిపించినది. ఫార్బర్ అప్పటికి జీవించి ఉన్నాడు, 1973లో మరణించినాడు.

ఆ సగానికి వెల లేకపోలేదు. తలకు కిరణాలు తగిలిన పిల్లలలో కొందరికి ఎదుగుదల తగ్గినది, చదువు మందగించినది. అది గ్రహించి వైద్యులు కిరణాలను క్రమంగా తగ్గించి, చాలమందికి అవి లేకుండానే నయం చేయవచ్చునని 2009 నాటికి చూపినారు. 2012లో ఫిలడెల్ఫియాలో, అన్ని మందులు విఫలమైన ఆరేళ్ల బాలికకు ఆమె తెల్లకణాలనే తీసి, ల్యూకీమియా కణాలను గుర్తుపట్టేటట్లు మార్చి తిరిగి ఎక్కించి బ్రతికించినారు. 2017లో అమెరికా ప్రభుత్వం ఆ పద్ధతికి అనుమతి ఇచ్చినది. ఇది మహత్తరమైనదే, కాని ఖరీదు సామాన్యుని ఊహకు అందదు. సంపన్నదేశాలలో నేడు ఈ వ్యాధి సోకిన పదిమంది పిల్లలలో ఇంచుమించు తొమ్మిదిమంది బ్రతుకుతున్నారంటే, అందులో అధికభాగం పాతమందులను కొలతప్రకారం, వేళప్రకారం, చివరిదాక ఇచ్చినందువలననే.

మన దేశంలో చిక్కు ఈ ‘చివరిదాక’లోనే ఉన్నది. మొదటి నెల చికిత్సకే బిడ్డ లేచి ఆడుకొంటాడు. రక్తపరీక్షలో వ్యాధి కనిపించదు. ఊరికి దూరంగా బసచేసిన తల్లి, పొలం పనులు వదలి వచ్చిన తండ్రి, ఇక నయమైనదని నమ్మటంలో తప్పేమున్నది? మందు మానివేస్తారు. 1948లో ఫార్బర్ చూచిన ఉపశమనం ఇదే. ఆనాడు దానిని నిలబెట్టే మందు లేక పోయినది. నేడు మందు ఉండీ మధ్యలో మానటంవలన పోతున్నది.

చికిత్సలోని చివరిభాగం ఏడాదిన్నర, రెండేళ్లు సాగుతుంది. అది ఆస్పత్రి మంచంమీద కాదు, ఇంటిలోను బడిలోను జరుగుతుంది. మెర్‌కాప్టోప్యూరిన్ మాత్ర ప్రతిరాత్రి. సుబ్బారావుగారి శాలలో పుట్టిన మెతోట్రెక్సేట్ వారానికి ఒక్కనాడు మాత్రమే. దానిని పొరపాటున రోజూ మింగితే ప్రాణాపాయం. అందుచేత వారం పేరు మాత్రలపొట్లంమీద వ్రాసి ఉంచమంటారు. జుట్టు రాలి, మొహం ఉబ్బి, నెలలకొలది తరగతి తప్పి తిరిగివచ్చిన ఆ పిల్లవాడు ముందు బల్లమీద కూర్చోవచ్చు. అతని వ్యాధి పక్కవానికి అంటేది కాదు. పక్కవాని ఆటలమ్మ మాత్రం అతనికి అంటితే ప్రమాదం. తరగతిలో ఎవరికైనా ఆటలమ్మ గాని, తట్టు గాని పోసినదని తెలిసిననాడే ఉపాధ్యాయుడు ఆ తల్లిదండ్రులకు కబురు పంపవలెను. వెంటనే ఆస్పత్రికి తీసుకొనిపోతే ముందుజాగ్రత్తగా ఇవ్వదగిన మందు ఉన్నది. దద్దుర్లు పైకి లేచిన తరువాత ఆ వీలు తగ్గిపోతుంది.